పళ్ళ మధ్య సీసం గుండు

ధనరాజు గొంతు ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో సగం మందికి తెలీదు. మూగవాడు కాదు, నత్తి లేదు, కోపిష్టి అసలే కాదు. మాట్లాడాలంటే నోరు ఖాళీగా ఉండాలి కదా, ఆ నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు, అంతే. తెల్లారేసరికి విసురు వల భుజాన వేసుకుని, నాగావళి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉండేవాడు. ఆ వల అంచు పొడుగునా సీసం గుండ్లు కట్టి ఉంటాయి. ఒక గుండు పళ్ళ మధ్య బిగబట్టుకోవాలి, కొంత వల ఎడమ మోచేతి మీద వేసుకోవాలి, మిగిలింది కుడిచేత్తో పట్టుకుని నడుం తిప్పి విసరాలి. సరిగ్గా ఆ క్షణానే పళ్ళు వదలాలి. ముందే వదిలితే వల ముద్దగా పడుతుంది. ఆలస్యమైతే వలతో పాటు పన్ను కూడా పోతుంది. ధనరాజుకి పైవరసలో ఒకటి అలాగే పోయింది, అప్పుడతనికి పద్నాలుగేళ్ళు. ఆ పన్ను ఏ జెల్లచేప మింగిందో ఏమో!

ఇప్పుడు యాభై మూడు. మళ్ళీ రెండో పన్ను పోలేదు. అతను విసిరితే వల గాల్లో విప్పుకుని, కంచం బోర్లించినట్టు గుండ్రంగా నీళ్ళ మీద పడేది. అటుగా పోయే వాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

మాటల వాటా మొత్తం భార్య గున్నమ్మకి వచ్చింది. ఆవిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగూళ్ళు తిరుగుతుంది. ఎవరింట్లో కొత్తకోడలు ఏ కూర వండిందో, ఎవరి గేదె ఈనిందో, ఆ కబుర్లన్నీ సాయంత్రానికి ఆవిడ తట్టలోనే ఊళ్ళోకి వస్తాయి. ఇద్దరాడపిల్లలు పెళ్ళిళ్ళయి ఒకతె భీమిలిలో, ఒకతె నౌపడలో ఉన్నారు. గోడ పక్క ఇల్లు గున్నమ్మ తమ్ముడు గోవింద్‌ది. పెద్ద భుజాలు, పెద్ద గొంతు, బావంటే ప్రాణం.

ఇక ఆ మొగ దగ్గర గట్టు సంగతి చెప్పుకోవాలి. అక్కడ పద్దెనిమిది మందికి పద్దెనిమిది చోట్లున్నాయి. ఏ కాగితం మీదా రాసి లేదు గాని, ఎవడి చోటు ఎవడిదో చంటిపిల్లలకి కూడా తెలుసు. ధనరాజుది విరిగిన రాతికట్ట పక్కది, మేనమామ నుంచి వచ్చింది. రొయ్య తిరిగే సుడి సరిగ్గా దాని ముందుంటుంది. అయితే కట్టుబాటు ఒకటుంది. ఏటా పైన వానలు పడి, నాగావళిలో ఎర్రటి కొత్తనీరు దిగిన రోజున, ఎవడి చోటులో వాడు నిలబడి ఒక్క విసురు విసరాలి. చేప పడక్కర్లేదు, వల విప్పుకుంటే చాలు. సొంత కొడుకు విసిరినా చెల్లుతుంది, ఇంకెవరు విసిరినా చెల్లదు. ఆరోజు విసరని వాడి చోటు ఖాళీ అయినట్టే. తర్వాత అందులో ఎవడు ముందు నిలబడితే వాడిది. జ్వరమొచ్చిందన్నా, ఇంట్లో పెళ్ళన్నా గంగమ్మ సాకులు వినదంటారు పెద్దలు.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆ చోటులో విసిరిన ధనరాజు భుజం కిందటి కార్తీకంలో పోయింది. వల నీళ్ళడుగున రాతికట్ట మేకుకి పట్టుకుంది. నెమ్మదిగా దిగి విప్పుకోవాల్సింది పోయి గట్టిగా ఒక గుంజు గుంజాడు. మేకు రాలేదు గాని భుజంలో టప్పుమంది. రెండు నెలలు బాము రాశాడు, ఆముదం కాచి పట్టించాడు, వేడి ఇసక మూట పెట్టించుకున్నాడు. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవలేదు. అన్నం తినడానికి చెయ్యి నోటిదాకా రాక, నోటినే కంచం దగ్గరికి దించుకునేవాడు. అది చూసి గున్నమ్మ ఆటో పిలిచింది.

శ్రీకాకుళంలో స్కానింగు తీసి, భుజం లోపల ఎముకని పట్టుకుని ఉండే తాడులాంటిది తెగి ఊడొచ్చిందన్నారు. రథసప్తమికి ముందు వారంలో ఆపరేషన్ అయింది. కోసింది కూడా ఏం లేదు, మూడు చిన్న చిల్లులు, అంతే. ఆపరేషన్ చేసిన డాక్టరు మంచివాడు. మనిషి పనేమిటో అడిగి తెలుసుకుని, అతనికి అర్థమయ్యేటట్టు చెప్పాడు.

"చిరిగిన వల మీరు ఎలా అతుకుతారో, మేమూ అలాగే అతికాం. నాలుగు ముళ్ళు వేశాం. ఇక ఫిజియోథెరపీ చేసే మెర్సీ చెప్పినట్టు నడుచుకో."

ఆ ఒక్క మాట ధనరాజుకి బాగా నచ్చింది. మిగతా కథంతా ఆ నచ్చడంలోంచే వచ్చింది.

మెర్సీ గది బాప్టిస్టు చర్చి వెనక వీధిలో, కింద మెడికల్ షాపు, పైన మెర్సీ. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, మనిషి సన్నం. చేతులు మాత్రం ఆ మనిషివి కావన్నట్టుంటాయి, వెడల్పుగా, గట్టిగా. గున్నమ్మ గుమ్మం దాటకుండానే ఆ చేతులు చూసేసింది.

"నీ సేతులేటి పాపా, కలాసీ సేతుల్లాగున్నాయి?"

"మా నాన్న చేతులు పిన్నీ. నెల్లిమర్ల జూటు మిల్లులో ముప్పై ఏళ్ళు చేశాడు. పొలం ఇవ్వలేదు, చేతులిచ్చాడు."

"పెళ్ళైనాదా?"

"ముందు బాబాయ్ భుజం చూద్దాం పిన్నీ."

"భుజం ఎక్కడికి పోతాది గాని, పెళ్ళైనాదా సెప్పు."

కాలేదు. అది తెలుసుకున్నాకే గున్నమ్మ బల్ల మీద కూర్చుంది.

మెర్సీ పద్ధతి చేతులతో పద్ధతి. గదిలో కరెంటు పెట్టే మిషనొకటి ఉంది గాని, అది మూలన గుడ్డ కప్పుకుని ఉండేది. ధనరాజుని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, పట్టీ విప్పి, ఒక చెయ్యి భుజం రెక్క కింద పెట్టి, రెండో చెయ్యి మోచేతి కింద పెట్టేది. అలా పట్టుకుని కాసేపు కదలకుండా ఊరుకునేది. లోపల ఏముందో వేళ్ళతో వింటున్నట్టుండేది. తర్వాత పాముకుంటూ, నిమురుకుంటూ, వెంట్రుకవాసి చొప్పున ఆ చేతిని పైకి తీసుకెళ్ళేది.

"బరువంతా నాకిచ్చేయండి బాబాయ్."

"ఇచ్చినాను."

"ఇవ్వలేదు. చూడండి, నా చెయ్యి చిటికెడు కిందకి దించాను. మీ చెయ్యి నాతో దిగలేదు, అక్కడే నిలబడిపోయింది. మీరే మోస్తున్నారు."

నలభై ఏళ్ళు తన బరువు తానే మోసుకున్న మనిషి, ఇచ్చేయమంటే ఎలా ఇస్తాడు? ఇవ్వాలనే ఉంటుంది, చెయ్యి వినదు. రోజు విడిచి రోజు బస్సెక్కి వెళ్ళడం, అదే మాట వినడం. ఇంటి దగ్గర చెయ్యమన్న పని ఇంకా విచిత్రం. ఎడమచేత్తో అరుగు పట్టుకుని ముందుకి వంగి, కుడిచేతిని వేలాడేసి, చంటిపిల్ల ఉయ్యాలలాగ ఊపుకోవాలి. గున్నమ్మ ఊళ్ళకి పోతే ధనరాజు అరుగు పట్టుకుని వంగి ఊగుతుంటే, ఎదురింటి అసిరమ్మ తలుపు సందులోంచి చూసి నవ్వుకునేది.

నెల దాటింది. శివరాత్రి వెళ్ళిపోయింది. చెయ్యి లేవలేదు. ఆషాఢంలో కొత్తనీరు, లెక్కేసుకుంటే నాలుగు నెలలే. ధనరాజు మనసులో ఒక పురుగు దూరింది. ఆ పిల్ల నిమురుతోందే తప్ప లాగడం లేదు. వల అతికినాక లాగకపోతే ఎలా?

ఒక ఆదివారం గున్నమ్మ తట్టెత్తుకుని వెళ్ళగానే గోవింద్‌ని పిలిచాడు.

"ఒరే గోవిందా, ఇది బిగించాల్రా."

"ఏటి బావా?"

"భుజం. ముళ్ళేసినారు గాని ఎవులూ లాగినేదు."

గోవింద్‌కి ఇది చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. ఆ ఊళ్ళో ఎవడికైనా అర్థమవుతుంది. తుండుగుడ్డ నీళ్ళలో తడిపి బావ చేతికి చుట్టాడు. ధనరాజు కొబ్బరిచెట్టుకి వీపు ఆనించి కూర్చుని, పాత వల గుండొకటి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గోవింద్ కాళ్ళు తన్నిపెట్టి, వల లాగినట్టే లాగాడు. మూడుసార్లు. మూడోసారి ధనరాజుకి పట్టపగలే చుక్కలు కనపడ్డాయి. అరవలేదు, నోట్లో గుండుంది మరి.

"కూకున్నాదా బావా ముడి?" అన్నాడు గోవింద్ ఆశగా.

ధనరాజు తలూపాడు. కళ్ళనిండా నీళ్ళు.

మర్నాడు మెర్సీ చెయ్యి వేసీ వెయ్యగానే మొహం మారింది. భుజం వెచ్చగా ఉంది, ఉబ్బి ఉంది. మొన్న శుక్రవారం వచ్చినంత దూరం కూడా చెయ్యి ఇప్పుడు రావడం లేదు.

"ఎక్కడైనా పడ్డారా?"

"నేదు."

"బరువెత్తారా?"

"ఏటీ నేదమ్మా."

మెర్సీ అతని మోచేతి కింద చెయ్యి పెట్టి ఆగింది. ఆ ఆగడంలో ఆవిడ చూపు భుజం మీంచి మెడ మీదికి, మెడ మీంచి దవడ మీదికి పోయింది. రెండు వేళ్ళు దవడ మీద పెట్టి చూసింది.

"పిన్నీ, ఒకసారి ఇలా రండి. ఇక్కడ నొక్కండి. రాయిలా లేదూ?"

గున్నమ్మ నొక్కింది. "ఓలమ్మో! ఇదేటి పాపా, నోట్లో ఏటున్నాది?"

"ఏమీ లేదు. చెయ్యెత్తబోతే చాలు, పళ్ళు బిగబట్టేస్తున్నారు. దవడ బిగిస్తే మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే భుజం. అందుకే బరువు వదలడం లేదు. ఎందుకలా చేస్తున్నారో..."

"ఎందుకేటి!" గున్నమ్మ నవ్వడం మొదలెట్టింది. "గుండు కరుస్తన్నాడు పాపా! వల ఇసిరినప్పుడు పళ్ళ మజ్జిన గుండు కరుస్తాడు కదా. సెయ్యి లేస్తే పళ్ళు పడిపోతాయి. సిన్నప్పట్నుంచి అదే అలవాటు. మావా, నోట్లో గుండు నేదు, ఒగ్గీ!"

ధనరాజుకి తన పళ్ళ సంగతి తనకే అప్పుడు తెలిసింది. వదలాలని చూశాడు, వదిలాడు, చెయ్యి కదలగానే మళ్ళీ టక్కుమని పడ్డాయి.

"అయితే మాట్లాడండి," అంది మెర్సీ. "మాట్లాడే నోరు బిగుసుకోలేదు."

"నానేటి మాటాడతాను?"

"మీకు తెలిసిందే చెప్పండి. వల ఎలా అల్లుతారు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో గున్నమ్మ కూడా అడగని ప్రశ్న అది. ధనరాజు కాసేపు పైకప్పు చూశాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. నైలాను దారం జారుడు దారమనీ, పూర్వపు నూలు దారంలాగ మాట వినదనీ. రొయ్య వలకి ఎంత కన్ను, జెల్ల వలకి ఎంత కన్ను. మేనమామ ఒక కన్ను తప్పు వేస్తే మొత్తం విప్పించేవాడని. మాట వెనక మాట వస్తుంటే దవడ కిందకి జారింది, భుజం దిగింది. మెర్సీ అరచేతిలోకి ఆ చేతి బరువు మొత్తం మొదటిసారి వచ్చి పడింది. ఎంత బరువో! మెర్సీ గున్నమ్మకేసి చూసి కళ్ళతోనే నవ్వింది.

"ఊఁ, తర్వాత?"

"కన్ను కన్నుకీ ముడేస్తాం. ముడేసి ఒగ్గేస్తే సాలదమ్మా. నీళ్ళల్లో నానేసి, ఒక కొస గుంజకి కట్టి, రెండో కొస పట్టుకుని గట్టిగా లాగాల. అప్పుడు ముడి కూకుంటాది. లాగకపోతే..."

ఆగిపోయాడు.

"లాగకపోతే?"

"జారిపోతాది."

మెర్సీ చేతిలో ఉన్న చెయ్యి మళ్ళీ కర్రయిపోయింది.

"బాబాయ్," అంది మెర్సీ చాలా నెమ్మదిగా, "ఈ భుజం ఎవరు లాగారు?"

"ఎవులు లాగుతారు పాపా, నాను తలంటితే కూడా ఆ పక్క సెయ్యెయ్యను..." అంటూ గున్నమ్మ మొగుడి మొహం చూసింది. చూసి లేచి నిలబడింది. "మావా?"

"గోవిందు," అన్నాడు ధనరాజు పైకప్పుతో. "నిన్న. తడిగుడ్డేసి."

తర్వాత గున్నమ్మ అన్న మాటలు రాసేవి కావు. కింద మెడికల్ షాపులో జనం పైకి చూశారట. తమ్ముణ్ణి, మొగుణ్ణి, కొబ్బరిచెట్టుని కూడా వదల్లేదు. మెర్సీ మాత్రం ఒక్క మాట అనలేదు. అదే ధనరాజుని ఎక్కువ భయపెట్టింది. పట్టీ కట్టింది, డాక్టరుకి ఫోన్ చేసింది, గదికి తాళం వేసి తనే వాళ్ళతో స్కానింగుకి వచ్చింది.

అక్కడ బల్ల మీద రెండు గంటలు. ధనరాజు ఎదుట గోడ చూస్తూ కూర్చున్నాడు. గోడ మీద రాతికట్ట కనిపించింది, సుడి కనిపించింది, తన చోటులో ఎవడో నిలబడి గుండు కరుస్తున్నట్టు కనిపించింది. ఆ ఎవడో మొహం ఎంత చూసినా తెలియలేదు. గున్నమ్మకి కూడా మాటలు అయిపోయాయి. అంతసేపు ఆవిడ ఊరుకోవడం ఆ దంపతుల జీవితంలో అదే మొదలు. పక్కన మెర్సీ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది.

లోపలికి పిలిచారు. డాక్టరు తెర మీద బొమ్మ చూసి, మళ్ళీ చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అదృష్టవంతుడివయ్యా. నాలుగూ నిలిచాయి. చుట్టూ వాచింది, అంతే."

బయటికొచ్చాక అప్పుడు తిట్టింది మెర్సీ. మెట్ల మీదే నిలబెట్టి తిట్టింది.

"మీ ఊరి తీరం పొడుగునా సరుగుడు మొక్కలున్నాయి కదా బాబాయ్? నాటిన నెలకి వేరు పట్టిందో లేదో అని ఎవరైనా పీకి చూస్తారా? లోపల వేసిన ముడి వట్టి కట్టుకొయ్య. అది చెట్టుని నిలబెట్టి ఉంచుతుంది, అంతే. వేరు పట్టాల్సింది మీ కండ. దానికి గాలి కావాలి, నీరు కావాలి, రోజులు కావాలి. గోవింద్ బాబాయ్ అక్కర్లేదు!"

"కొత్తనీటికి అవుతాదా అమ్మా?" అన్నాడు ధనరాజు. కట్టుబాటు సంగతి, చోటు సంగతి అప్పుడు చెప్పాడు. నెలన్నర నుంచి గుండెలో పెట్టుకున్నది ఆ మెట్ల మీదే చెప్పాడు.

మెర్సీ కోపం దిగిపోయింది. "ఇది ముందే చెప్పాల్సింది. విసరడానికి శ్రావణం దాటాలనుకున్నాను. నిన్నటి పనికి ఇంకో మూడు వారాలు పోయాయి. మాటివ్వలేను బాబాయ్. ప్రయత్నం చేద్దాం."

ఊళ్ళో ఈ సంగతి ఆగుతుందా? గున్నమ్మ తట్ట దించేలోపే పాకింది. దానికి అసిరమ్మ ఒక తోక తగిలించింది. "బావ సెయ్యి ఊడదీసి చోటు కొట్టేద్దామనేటిరా గోవిందా?" అంది నలుగురిలో, నవ్వుతూనే. నవ్వుతూ అన్నమాట ఎక్కువ గుచ్చుకుంటుంది. గోవింద్ ఆరోజు నుంచి పక్క గోడ దాటి రాలేదు. మొగ దగ్గర బావ చోటుకి నాలుగు చోట్ల అవతల తన చోటు. అటు తల కూడా తిప్పేవాడు కాదు.

వారం చూశాడు ధనరాజు. ఎనిమిదో రోజు సాయంత్రం, వలలు ఆరబెట్టే చోట పదిమంది ఉండగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఒరే గోవిందా. లాగినోడివి నువ్వే గాని, లాగమన్నోణ్ణి నాను. ఎవులైనా అడిగితే నన్నడగమను. పద, మీ అప్ప జెల్లల కూర ఒండినాది."

జనం నోళ్ళు తెరిచారు. కొందరికి ఆ గొంతు వినడం అదే మొదటిసారి. ఆ పూట గోవింద్ మూడుసార్లు అన్నం కలుపుకున్నాడు. గున్నమ్మ వడ్డిస్తూ తిట్టింది, తిడుతూ వడ్డించింది.

అక్కణ్ణుంచి నెమ్మదిగా, నిజంగా వేరు పట్టినట్టే నెమ్మదిగా, చెయ్యి వచ్చింది. మెర్సీ మంచం మీద ధనరాజు నోరు తెరిచి మాట్లాడుతూనే ఉండాలి. ఆవిడ అతని రెక్క కింద బొటనవేలితో బిగుసుకున్న ముద్దలు వెతికి కరిగించేది, చెయ్యి పట్టుకుని గుండ్రంగా తిప్పేది, "ఇప్పుడు మీరు నన్ను తోయండి, కోడిగుడ్డుని తోసినంతే," అనేది. అతను చెప్పేవాడు. తుఫానుకి ఇసకదిబ్బ జరిగి మొగ మారిపోయిన ఏడాది గురించి, శ్రీముఖలింగం యాత్రలో చిన్నకూతురు తప్పిపోయి ప్రసాదం కొట్లో దొరకడం గురించి, తొలిసారి వల విసిరితే అది మేనమామ నెత్తిన పడడం గురించి. గున్నమ్మ బల్ల మీద కూర్చుని వినేది. "ఇది నాకెప్పుడూ సెప్పినేదేటి?" అని ప్రతి కథకీ అలిగేది.

ఇంట్లో వంటగది గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని పీత పాకినట్టు పైకి పాకించాలి. ఎక్కడిదాకా వెళితే అక్కడ గున్నమ్మ బొగ్గుతో గీత పెట్టేది. ఉగాదికి ఛాతీ దగ్గర గీత. ఎండలు ముదిరేసరికి గెడ్డం దగ్గర. ఆపరేషనయిన మూడు నెలలకి మెర్సీ తడి తువ్వాలు చేతికిచ్చింది.

"వల ఎలా విసురుతారో చూపించండి. నెమ్మదిగా, నిద్రలో విసిరినట్టు."

చూసింది. మళ్ళీ చూపించమంది. తనూ ఒక తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడి నడుం తిప్పింది. విసురులో చాలా భాగం భుజం మీద కాదు, నడుం మీద, కాళ్ళ మీద పెట్టొచ్చని ఇద్దరూ కలిసి కనిపెట్టారు. చెయ్యి భుజం దాటి పైకి పోకుండా పక్కనుంచి తిప్పితే చాలు. గుండు పళ్ళతో పట్టక్కర్లేదు, ఆ అంచుని ఎడమ భుజం మీదికి మడిచి వేసుకోవచ్చు. "పళ్ళు ముట్టుకోకూడదు," అంది మెర్సీ. "పళ్ళు పడ్డాయో, భుజం పట్టేస్తుంది. నోరు ఆడుతూనే ఉండాలి." అలా నెలన్నర ఆ చిన్న గదిలో తడి తువ్వాళ్ళు గాల్లో ఎగిరాయి. ఒకటి కరెంటు మిషను మీద పడి, దాని మీది గుడ్డ తడిసింది.

జూలైలో ఒక శనివారం ఒడిశా వైపు కొండల్లో కుండపోత. ఆదివారం పొద్దున్నకి నాగావళి ఎర్రగా, నురగలు కక్కుకుంటూ మొగలోకి దిగింది. మెర్సీ చెప్పిన గడువుకి ఇంకా నెలపైనే ఉంది. గున్నమ్మ ఫోన్ చేసింది. అటువైపు చర్చి పాటలు వినబడుతున్నాయి.

"నీరు దిగిపోనాది పాపా. ఏటి సెయ్యమంటావు?"

పాట దూరమైంది, బయటికి నడిచినట్టుంది. తర్వాత మెర్సీ అంది. "నేనొచ్చేదాకా ఆగండి. పెద్ద వల వద్దు. చిన్నపిల్లలు నేర్చుకునే వల ఉంటుంది కదా, అది. ఒక్క విసురు. రెండోది విసిరితే నేనే నీళ్ళలోకి తోసేస్తాను."

మెర్సీ ఆటో దిగి ఆదివారం చీర తడవకుండా ఎత్తిపట్టుకుని గట్టు మీదికి వచ్చేసరికి పదిహేడు మంది విసరడం అయిపోయింది. పెద్దలు గొడుగుల కింద కూర్చున్నారు. చినుకులు పడుతున్నాయి. రాతికట్ట పక్క చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అందులో కాలు పెట్టకుండా గోవింద్ పొద్దుటి నుంచి దాని అంచున తడుస్తూ నిలబడి ఉన్నాడు. అసిరమ్మ అది చూసి తల పక్కకి తిప్పుకుంది.

మెర్సీ ధనరాజు భుజం మీద చెయ్యి వేసి, రెక్క కిందకి జరిపి, నిమిషం సేపు విన్నది. "ఊఁ. నోరు?"

"ఉన్నాది," అన్నాడు.

చోటులోకి దిగాడు. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. చిన్న వల మోచేతి మీద వేసుకున్నాడు, అంచు ఎడమ భుజం మీదికి మడిచాడు. ధనరాజు పళ్ళు దగ్గరపడుతున్నాయి. దవడ బిగుస్తోంది. అది మెర్సీ చూసింది, గున్నమ్మా చూసింది.

"మాటాడు మావా!" అని అరిచింది గున్నమ్మ.

"ఏటి మాటాడను?"

"ఏదో ఒకటి! నాకు సెప్పనిది సెప్పు!"

ధనరాజు నడుం తిప్పాడు. తిప్పుతూ, ఆ మొగ అంతా వినేటట్టు, నలభై ఏళ్ళు గుండు కరిచిన నోటితో అన్నాడు.

"గున్నా, నువ్వొండే నెత్తళ్ళ పులుసులో ఉప్పెక్కువే! పెళ్ళైన కాణ్ణుంచీ ఎక్కువే!"

వల చేతుల్లోంచి పోయింది. గాల్లో విప్పుకుంది. పూర్వంలాగ కంచంలా కాదు, ఒక పక్క ఎవరో కొరికిన అప్పంలా విప్పుకుంది. కాని విప్పుకుంది. ఎర్రనీటి మీద చప్పుడు చేస్తూ పడింది. గొడుగు కింద పెద్దాయన ముందుగా పులుసు సంగతికి పగలబడి నవ్వి, తర్వాత చెయ్యెత్తి, "ఇప్పుకున్నాది! ధనరాజు చోటు ధనరాజుదే!" అన్నాడు. గోవింద్ నీళ్ళలోకి దూకి బావని వాటేసుకోబోతే, "భుజం! భుజం!" అని మెర్సీ కేకేసింది.

వల లాగింది గోవిందే. పదో పన్నెండో రొయ్యలు, ఒక జెల్ల, ఎవరిదో చెప్పు ఒకటి.

"ముప్పై ఏళ్ళు గిన్నె నాకి, ఇప్పుడు నలుగుర్లో సెప్తావేటి?" గున్నమ్మ ఇంటిదాకా అంటూనే వచ్చింది. అంటూనే మెర్సీ చెయ్యి పట్టుకుని, భోజనం చెయ్యకుండా కదలడానికి వీల్లేదంది. రొయ్యలు వండింది. నలుగురూ ఆకుల ముందు కూర్చున్నాక ఒక ముద్ద తిన్న మెర్సీ తల దించుకుంది. గోవింద్ అక్క వైపు చూడకుండా నీళ్ళు తాగాడు. కూరలో చిటికెడు ఉప్పు లేదు.

ఉప్పు డబ్బా ఎక్కడుందంటే, వంటగది గోడకి, బొగ్గు గీతలన్నిటికన్నా జానెడు పైన, ఎత్తు గూట్లో ఉంది. పొద్దున్న అక్కడ లేదు.

"ఎవులికి ఎంత కావాలో ఆళ్ళే ఏసుకోండి," అంది గున్నమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

ధనరాజు లేచాడు. మెర్సీ లేవబోయి, ఆగి, కూర్చుండిపోయింది. అతను గోడ దగ్గర నిలబడి కుడిచెయ్యి పైకి పాకించాడు. ఉగాది గీత దాటింది, ఎండాకాలం గీత దాటింది, ఆఖరి గీత దగ్గర కొంచెం వణికింది.

"అసలు ఆ రొయ్యలు కూడా..." అంటూ ఏదో మొదలుపెట్టాడు గున్నమ్మతో, మాట ఆపకుండానే డబ్బా దించాడు.